తవిటమ్మ విస్తరి

అనగనగా ఒక రాజు. రాజుంటే ఖజానా ఉంటుంది. ఖజానా ఉంటే దాని చుట్టూ చేతులుంటాయి. ఈ కథ ఆ చేతుల గురించి కాదు, ఆ చేతుల్ని నమ్మని ఒక ముసలిదాని గురించి.

ఆ రాజు ఏటి ఒడ్డున కొలుములు పెట్టి ఫిరంగులు పోతపోయించాడు. యుద్ధం అయిపోయింది, కొలుములు ఆరిపోయాయి. వాటి చిట్టెం, నల్లటి విషపు బురద, పక్కనున్న దిన్నెపాలెం పొలాల్లోనే ఉండిపోయింది. పాలెమంటే ఎంత? ఈ చివర తుమ్మితే ఆ చివర చిరంజీవ అనేటంత. అంత చిన్న ఊరి గోడు రాజుకేం వినబడుతుంది?

ఆ పాలెంలో తవిటమ్మ తోటకూర పండించి అమ్ముకునేది. అక్కడ ఒక ఆచారం: మడి చేసినవాళ్లదే తొలిముద్ద. తొలికోత కూర పండించినవాళ్లే నలుగురి ముందూ తినాలి. ఆ తర్వాతే ఊరు తినేది. ఏటేటా తొలిముద్ద తినీ తినీ తవిటమ్మ వేళ్లు కొంకర్లు పోయాయి. మనవరాలు నీలికి మూడేళ్లొచ్చినా కాళ్లు నిలవలేదు. అప్పుడర్థమైంది ఆవిడకి, విషం నేలలో ఉందని.

ఏళ్లు మొత్తుకోగా, నేల బాగుచెయ్యడానికి ఖజానా నుంచి సొమ్ము మంజూరైంది. సొమ్ముతోపాటు దాన్ని ఖర్చుపెట్టే పేష్కారూ వచ్చాడు.

"నేల బాగయిందని ఊరంతా ఒప్పుకోవాలి. ఒప్పుకున్న రోజున ఖజానా తలుపు మూస్తారు. మళ్లీ తెరవరు" అన్నాడు.

ఊరు మొదటి మాట విన్నది. తవిటమ్మ చివరి మాట విన్నది.

మొదటిసారి పేష్కారు టెంకాయ కొట్టించి, పొలాలమీద పసుపునీళ్లు చల్లించాడు. "నేల బాగయింది, ఒప్పుకోండి" అన్నాడు.

"మడి చేసినోడిదే తొలిముద్ద బాబూ" అంది తవిటమ్మ. "తోటకూర పండించి నువ్వు తిను. అప్పుడొప్పుకుంటాం."

రెండోసారి మూడు బళ్ల ఎర్రమట్టి తెచ్చి నల్లమట్టి మీద పరిపించాడు. పుండు మీద పట్టుగుడ్డ కప్పినట్టు. "నేల బాగయింది, ఒప్పుకోండి" అన్నాడు.

"మడి చేసినోడిదే తొలిముద్ద బాబూ."

తవిటమ్మని అక్క వరసతో అప్పా అని పిలిచే ఊరిపెద్ద గున్నయ్యకి ఒళ్లు మండింది. "ఏటప్పా నీ మొండితనం? ఇంటికొచ్చిన లచ్చిమిని తన్నేస్తావేటి?"

"లచ్చిమి ఎవరింటికొచ్చిందో చూసుకో తమ్ముడా. మనూరికి మట్టొచ్చింది. ఆయనింటికి మేడొచ్చింది."

"అయితే దొంగంటావా?"

"నానేటీ అన్లేదు. తినమన్నాను."

మూడోసారి పేష్కారు ఆ ఎర్రమట్టి మీద తోటకూర జల్లించాడు. పచ్చగా మొలిచింది. చూపించడానికి దివానుగారినే వెంటబెట్టుకొచ్చాడు. ఊరంతా చేరింది. తవిటమ్మ తోటకూర వండి తెచ్చింది, వెల్లుల్లి తాలింపు ఘుమఘుమలాడుతూ. పేష్కారు ముందు విస్తరేసి వడ్డించింది.

"మడి నీది బాబూ. తొలిముద్ద నీది."

"ఇవాళ నాకు ఉపవాసం" అన్నాడు పేష్కారు.

"పొద్దున్న గారెలు నమిలినావు కదా బాబూ, నానే చూసినాను" అంది వెనకనించి ఒకామె.

"నాకు తోటకూర పడదు" అన్నాడు. చెమట తుడుచుకున్నాడు. నేలమీద పాకుతున్న నీలిని చూపించాడు. "ఆ పిల్లకి పెట్టండి. పిల్లలు ఇష్టంగా తింటారు."

మొదట లేచినవాడు గున్నయ్యే.

"నువ్వు తిన్లేనిది, నిలబడలేని పిల్లకి పెట్టమంటావేట్రా?"

అప్పుడు తవిటమ్మ ఆ విస్తరి తన ముందుకి లాక్కుంది. ఊరు కెవ్వుమంది. ఆవిడ మాత్రం ఒక్క ఆకు మిగల్చకుండా తిని, వేళ్లు నాక్కుంది.

"ఇది ఏటవతల మా చెల్లి దొడ్లో కూర. నాకు తెలుసు. ఈయనకి తెల్దు. తన మడి కూరే అనుకుని ఎందుకు భయపడ్డాడో, దివానుబాబూ, మీరే అడగాల."

ఆ తర్వాత నిజంగానే కూలీలు వచ్చారు. నిలువెత్తు లోతున నల్లమట్టి తవ్వి బళ్లకెత్తారు. దివానుగారి దయ అంటారు కొందరు. నేను నమ్మను. ఊరందరి ముందూ పట్టుబడ్డాక దయ చూపించక ఏం చేస్తాడు? పేష్కార్ని తీసేశారంటారు. అదీ నమ్మను, ఇంకో తాలూకాకి పంపి ఉంటారు. ఎత్తుకెళ్లిన మట్టి ఎవరి ఊళ్లో దింపారో కథ చెప్పేవాళ్లెవరూ చెప్పరు. అడగాలి.

కొత్త మట్టిలో తొలికోతకి తవిటమ్మ లేదు. అన్నేళ్లు తిన్న విషం ఆవిణ్ణి వదల్లేదు. తొలిముద్ద ఎవరిదన్న మాటొస్తే గున్నయ్య ఏడ్చాడు. "మడి చేసింది అప్పే కదా" అన్నాడు. ముద్ద ఆవిడ సమాధి మీద పెట్టాకే ఊరు తింది. నీలి కర్రసాయంతోనే నడిచింది. నీలి పిల్లలు మాత్రం పరిగెత్తారు.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్లలో, పని పూర్తయిందని చెప్పడానికి ఏ అధికారి వచ్చినా, ఆయన నోరు తెరవకముందే విస్తరేసి తోటకూర వడ్డిస్తారు. దాన్ని తవిటమ్మ విస్తరి అంటారు. తిన్నవాడి మాట వింటారు. ఉపవాసమన్నవాడికి మంచినీళ్లిచ్చి సాగనంపుతారు.

ఆ కూర ఏ మడిదో మాత్రం, ముద్ద గొంతు దిగేదాకా ఎవరూ చెప్పరు.