సగం వంతెన

మణిసీమ దేశంలో వల్లభరాయుడనే ఆర్థికమంత్రి ఉండేవాడు, ఎవరు ఏ పనికి ఎంత అడిగినా ఎందుకని అడక్కుండా సగానికి కోసిపారేయడం ఆయన అలవాటు.

ఏటా బడ్జెట్ ముందు అన్ని శాఖలూ తమకు కావలసింది రాసి పంపేవి. ఆయన ఎర్ర సిరా కలం పట్టుకుని కూర్చునేవాడు. చదివేవాడా? అబ్బే! టకటకా కోతలు పెట్టి, "దేశానికి ఎంత మిగిల్చానో!" అని మీసం దువ్వుకునేవాడు. మిగతా మంత్రులేమైనా తక్కువ తిన్నారా? ఆయన సంగతి తెలిసి రెండింతలు రాసేవాళ్లు. బండి అలా నడిచిపోయేది.

ఆ ఏడు రోడ్ల శాఖకు తాయారమ్మ కొత్తగా మంత్రి అయింది. ఆమెది ఏటి అవతలి ఊరు. ఏరు పొంగితే అక్కడివాళ్లకు పడవ కూడా ఉండదు. ఎంత జబ్బు చేసినా ఈ ఒడ్డుకు చేరే దారే లేదు. "వచ్చే వానలకల్లా మీకు వంతెన ఉంటుంది" అని తనవాళ్లకు మాటిచ్చింది. దానికి సరిగ్గా ఎంతవుతుందో అంతే రాసి పంపింది, పిచ్చితల్లి!

బడ్జెట్ రోజున సభ కిటకిటలాడింది. రాయుడు గొంతు సవరించుకుని, "ఏటి మీద వంతెనకు, అడిగినదాంట్లో సగం" అని చదివాడు. తాయారమ్మ లేచి నిలబడింది.

"అయ్యా, ఏ సగం కట్టమంటారు? ఈ ఒడ్డు వైపుదా, ఆ ఒడ్డు వైపుదా?"

సభంతా గొల్లున నవ్వింది. రాయుడి ముఖం కందగడ్డ అయింది.

"అందరికీ సగమే కదమ్మా ఇచ్చాను! వాళ్లకు లేని ఇబ్బంది నీకేంటి?" అంటూ మిగతా మంత్రుల వైపు తిరిగాడు. ఒకాయన పైకప్పు చూశాడు. ఇంకొకాయన దగ్గాడు. చివరికి పశువుల శాఖ మంత్రి ఓబుళరావు తల గోక్కుంటూ, "మీరెలాగూ కోస్తారని మేం రెండింతలు రాస్తామండీ" అనేశాడు.

"అయితే ఇన్నేళ్లూ నేను మిగిల్చిందేమిటయ్యా?"

"ఏమీ లేదండీ!"

సభ మళ్లీ గొల్లుమంది. అందరికన్నా గట్టిగా రాయుడే నవ్వాడు. "అధ్యక్షా, ఈ బడ్జెట్‌ను ఇవాళ ఓటుకు పెట్టకండి. మళ్లీ రాసుకొస్తాను" అన్నాడు.

ఈసారి ఒక్కొక్క మంత్రినీ ఎదురుగా కూర్చోబెట్టి, "ఇది ఎందుకు?" అని అడిగాడు. చాలామంది అడిగినవాటిలో సగం వాళ్లే తగ్గించుకున్నారు. వంతెనకు మాత్రం ఒక్క రూపాయీ తగ్గలేదు. సభ సంతోషంగా ఓటేసింది.

వానలు పడేలోపు వంతెన లేచింది. మొదటి వరదలోనే ఒక నిండుచూలాలు దాని మీదుగా ఆసుపత్రికి వచ్చి పండంటి ఆడపిల్లను కన్నది. ఆ కబురు విని తాయారమ్మ ఆనందంతో ఏడ్చేసింది. రాయుడు సభలో అందరికీ జిలేబీలు పంచాడు.

చూశారా పిల్లలూ! అడిగి తెలుసుకోకుండా కోత పెట్టేవాడు పైసా మిగల్చలేడు, పైగా నిజం చెప్పినవాళ్లనే నష్టపరుస్తాడు.