ఎర్త్ ఎక్కడిచ్చావు?

దస్తగిరి ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుని, నర్సీపట్నంలో సొంతంగా బళ్ళ కరెంటు పని చేసుకుంటున్న నూకరాజుకి ఎన్నడూ లేని చిక్కు వచ్చిపడింది. అన్న జీపుకి బిగించిన ఫాగ్ లైట్లు వెలగడం లేదు.

పోయిన చలికాలం ఆ జీపు చింతపల్లి ఘాట్‌లో, మంచు కమ్మేసి దారి కనపడక లోయలో పడింది. అన్న పోయాడు. అంతకు ముందు వారమే వచ్చి పసుపు ఫాగ్ లైట్లు పెట్టరా అని అడిగాడు. నూకరాజు ఎల్లుండి చూద్దాంలే అన్నాడు. ఎవరు బండి తెచ్చినా ఎల్లుండి అనడం అతనికి అలవాటే. ఈసారి ఎల్లుండి రాలేదు.

ఇప్పుడు వదిన మంగ ఆ బండినే బాగుచేయించి, పాత ఆకుపచ్చ మీద తెల్లరంగు వేయించి, కొడుకుని డ్రైవరుగా కూర్చోబెడుతోంది. రేపు పొద్దున్నే కుర్రాడు కొండెక్కాలి. లైట్లు మాత్రం మరిదే పెట్టాలంది. అన్న పోయాక ఆవిడ అతనితో ఆడిన మాట అదొక్కటే. శవం ముందు కూడా ఏడవకుండా పనులన్నీ చక్కబెట్టిన నూకరాజుది గుండె కాదు రాయి అని చుట్టాలంతా చెప్పుకున్నారు.

పనికి వంక పెట్టడానికి లేదు. కొత్త వైరు, కొత్త రిలే, డాష్‌బోర్డు మీద అందమైన స్విచ్. నొక్కితే స్విచ్‌లో ఎర్రచుక్క చక్కగా వెలుగుతోంది. బయట లైట్లే ఓసారి మినుకుమని ఆరిపోతున్నాయి. ఫ్యూజు మార్చాడు, రిలే మార్చాడు, స్విచ్ ఊడదీసి మళ్ళీ బిగించాడు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు వెతికి, సాయంత్రానికి వెళ్ళి ఉస్తాద్‌ని వదిన వాకిట్లో ఉన్న బండి దగ్గరికి తీసుకొచ్చాడు.

ఉస్తాద్‌కి ఇప్పుడు చూపు సరిగా ఆనదు. పీట మీద కూర్చుని ఏం చేశావో చెప్పమన్నాడు. బ్యాటరీ నుంచి ఫ్యూజుకి, అక్కడినుంచి రిలేకి, లైట్లకి, అంతా ఏకరువు పెట్టాడు నూకరాజు.

"వెళ్ళే దారి చెప్పావు," అన్నాడు ఉస్తాద్. "తిరిగొచ్చే దారేదిరా? ఎర్త్ ఎక్కడిచ్చావు?"

నూకరాజు ఉస్తాద్ చెయ్యి పట్టుకుని బంపరు వెనక్కి తీసుకెళ్ళాడు. ఉస్తాద్ ఎర్త్ వైరు బిగించిన బోల్టు చుట్టూ వేలు తిప్పి చూశాడు. అంతా నున్నగా ఉంది. రంగు మీద కరెంటు పారదు, గీకి ఇనుము కనపడ్డాకే ఎర్త్ ఇవ్వాలి. పనిలో చేరిన మొదటి రోజు ఆయన నేర్పిన సంగతే అది.

"మరిచిపోయావా?"

"లేదు ఉస్తాద్. కింద మా అన్న రంగుంది. తన చేత్తో ఏసుకున్నాడు."

ఉస్తాద్ బోల్టు విప్పించి, జేబులోంచి గరుకు కాగితం తీసి శిష్యుడి చేతిలో పెట్టి, ఆ చేతిని తన చేత్తో పట్టుకుని బండికి ఆనించి రుద్దాడు.

తెల్లరంగు రాలింది. ఆకుపచ్చ కనపడగానే నూకరాజు ఆగిపోయాడు. ఉస్తాద్ చెయ్యి ఆగలేదు. ఆకుపచ్చ కూడా పొడిపొడిగా అరచేతిలో పడుతుంటే నూకరాజుకి ఇన్ని నెలల దుఃఖం ఒక్కసారే ముంచుకొచ్చింది. బంపరు పట్టుకుని కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"అన్న అడిగాడు వదినా. నేనే ఎల్లుండన్నాను."

గుమ్మంలో ఉన్న మంగ వచ్చి పక్కన కూర్చుంది.

"తెల్సు మరిదీ. మీ అన్న ఆ రోజే సెప్పాడు."

అతని చేతిలోంచి కాగితం తీసుకుని, మిగిలిన ఆకుపచ్చని ఆవిడే గీకింది. గీకుతూ ఆవిడా ఏడ్చింది. ఉస్తాద్ అక్కడ వేలుపెట్టి చూసి, ఇప్పుడు బిగించమన్నాడు.

నూకరాజు బిగించాడు. మంగ వెళ్ళి మొగుడు కూర్చునే చోట కూర్చుని స్విచ్ వేసింది.

ఉస్తాద్ లైటు అద్దం మీద అరచెయ్యి పెట్టి, అది వెచ్చబడేదాకా అలాగే ఉంచాడు.

"పంపించమ్మా కుర్రాణ్ణి," అన్నాడు.