ఓబులి అడుగు

అనగనగా ఒక మహా సామ్రాజ్యం. ఎంత పెద్దదంటే, కొలిచి చెప్పేటంత చదువు నాకు లేదు. కూలడం మాత్రం మా పెరటిగోడలాగే కూలిందట, ఒక్క వానకి.

ఆ సందులో దండనాయకుడు గండమ అక్కడి ఒక కోట పట్టుకున్నాడు. ముసలి రాజు మళ్ళీ కనబడలేదు. "కాశీకి వెళ్ళాడు" అన్నాడు గండమ. రాజును ఏం చేశాడో ఊరందరికీ తెలుసు. నోరు మెదిపితే తల ఉండదనీ తెలుసు.

ఆ కోటలో ఒక ఆచారం. రాజయ్యేవాడు చెప్పులు విడిచి, గుమ్మం నుంచి గద్దె దాకా తెల్లబట్ట మీద నడవాలి. ఆ బట్ట పరిచేది చాకలి ఓబులి. చావు జరిగిన ఇంట మైలబట్టలు ఉతికేదాకా ఏ శుభకార్యానికీ ఆమె చెయ్యి వెయ్యదు.

మొదట బంటు రేవుకొచ్చాడు. "ఏమే ఓబులీ, రేపు బట్ట పరువు."

"రాజుగారి మైలబట్టలు వెయ్యి నాయనా, ఉతికి పరుస్తా."

తర్వాత మంత్రి వచ్చాడు. "ఓబులవ్వా, పట్టుచీర పెట్టిస్తాను."

"మైలబట్టలు వెయ్యి సామీ, ఉతికి పరుస్తా."

అంటూనే చేతిలో బట్ట బండకేసి బాదింది.

మూడోసారి గండమే వచ్చాడు. "ఎవరు చచ్చారే మైలకి? రాజు కాశీలో ఉన్నాడు!"

"బతికే ఉన్నాడా దొరా? మరి ఆయన గద్దె ఎక్కడానికి నువ్వెవరివి?"

రేవులో ఎవరో కిసుక్కుమన్నారు. గండమ కత్తి దూశాడు. "ఆఖరుసారి అడుగుతున్నా."

"నేనూ ఆఖరుసారే చెబుతున్నా. మైలబట్టలు వెయ్యి దొరా, ఉతికి పరుస్తా."

కత్తి దిగింది. ఓబులి ఉతికే బండమీదే ఒరిగిపోయింది.

చాకలివాళ్ళు ఆమె మైలబట్టలు ఉతికారు, ఆరేశారు, మూటలు కట్టుకుని పొలిమేర దాటిపోయారు. చాకలి కాక ఇంకొకరు పరిస్తే చెల్లదు.

ముహూర్తం మిట్టమధ్యాహ్నం. గండమ చెప్పులు విడిచి, కాలిన రాళ్ళమీద మూడడుగులు దర్జాగా వేశాడు. నాలుగోది గెంతాడు. ఆపైన అన్నీ గెంతులే. జనం నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ నవ్వులోనే ఒక ముసలమ్మ గట్టిగా అనేసింది: "రాజును చంపినవాడికి బట్టెవరు పరుస్తారు?"

అంతే, ఊరంతా అదే మాట. ఇక ఎన్ని తలలని నరుకుతాడు? గద్దె అతనికి దక్కలేదు.

ఇప్పటికీ ఆ వైపు ఎంత పెద్దమనిషి వచ్చినా, బట్ట పరిచి చివర ఒక్క అడుగు నేల వదిలేస్తారు.

"ఏం, బట్ట చాల్లేదా?" అంటాడు పెద్దమనిషి.

"చాలింది దొరా. అది ఓబులి అడుగు. అక్కడ నేలమీదే నడవాలి."

నడుస్తాడు. నడవక?