ఎవరినీ తాకని పుల్ల

కరోనా పరీక్షకు వచ్చినవాళ్ళంతా వరహాలు బల్ల ముందే బారు తీరేవారు. పక్కన జహీరుద్దీన్ గారి బల్ల ఖాళీగా ఉండేది. ఆయన ముప్పయ్యేళ్ళుగా ల్యాబులో ఉన్న మనిషి, వరహాలుకు పని నేర్పుతున్న గురువు. కానీ ఆయన ముక్కులో పుల్ల పెట్టారంటే కళ్ళమ్మట నీళ్ళు రావాల్సిందే.

"పెద్దాయన పుల్ల పెడితే మెదడుకి తగుల్తాదిరా బాబూ! ఈ కుర్ర డాక్టరుది వెన్నలాంటి చెయ్యి" అని జనం చెప్పుకునేవారు. తాను డాక్టరు కాదన్న సంగతి వరహాలు ఎన్నడూ చెప్పలేదు.

ఒకనాటి పొద్దున్న రిపోర్టులు సంతకానికి పట్టుకెళ్ళాడు.

"పైడమ్మ అని, నెలలు నిండని పిల్లల వార్డులో ఆయా. నెగెటివ్ సార్. కాగితం ఇచ్చేస్తే రెండు గంటల డ్యూటీకి ఎక్కుతుంది. బయటే కూర్చుంది."

జహీరుద్దీన్ గారు తెర వైపు చూశారు. ఆ పరీక్షలో ఒక్కొక్కరికీ రెండేసి గీతలు. వైరస్ ఉంటే ఒకటి పైకి లేస్తుంది. రెండోది మనిషి కణాలది. ముక్కులోంచి సరిగ్గా తీస్తే అది ఎవరికైనా లేవాలి. పైడమ్మకు రెండూ నేలబారుగానే ఉన్నాయి.

"రెండోది లేవలేదేం?"

"కిట్టు తేడా అయ్యుంటుంది సార్. వైరస్ గీతయితే లేవలేదు కదా."

ఆయన కొత్త పుల్ల పొట్లం చింపారు. ఎవరి ముక్కులోనూ పెట్టకుండా, తిన్నగా గొట్టంలోని మందునీళ్ళలో ముంచి, విరిచి, మూత బిగించారు.

"దీన్నీ మిషన్లో పెట్టు."

మూడు గంటలు పట్టే పని. మధ్యలో పైడమ్మ రెండుసార్లు తలుపు దగ్గరికొచ్చింది.

"ఇంకెంతసేపు నాయనా? గుప్పెడంత బిడ్డలు. పాలు పట్టడానికి అక్కడ చెయ్యి చాలట్లేదంట."

పదకొండున్నరకు తెర మీద ఫలితం వచ్చింది. రెండు గీతలూ నేలబారే. పైడమ్మ గీతల పక్కన పెడితే ఏవి ఎవరివో చెప్పలేం.

జహీరుద్దీన్ గారు ఖాళీ రిపోర్టు కాగితం ఒకటి తీసి అతని ముందుకు జరిపారు.

"ఈ పుల్లక్కూడా నెగెటివ్ అని రాయి. సంతకం పెడతాను."

వరహాలు పెన్ను ముట్టుకోలేదు.

"నొప్పెడుతుందని లోపలిదాకా పెట్టలేదు సార్..."

"ఎవరికి?"

వరహాలు లేచాడు. కొత్త చేతితొడుగులు వేసుకుని, తలుపు తీసి పైడమ్మను పిలిచాడు.

"మళ్ళీనా? నిన్ననే అయిపోయింది కదా బాబూ!"

"తల వెనక్కి వాల్చండమ్మా."

ఈసారి పుల్ల పోవలసినంత లోపలికి పోయింది. అక్కడ నిదానంగా తిప్పి, మనసులో పది లెక్కపెట్టి తీశాడు. పైడమ్మ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

"అమ్మో! నిన్న ఇంత బాధ లేదేం నాయనా?"

"నిన్న నేను మీకు పరీక్ష చెయ్యలేదమ్మా."

పైడమ్మ అతని మొహంలోకి చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, రెండో వైపు ముక్కు కోసం తల మళ్ళీ వెనక్కి వాల్చింది.