బొద్దయ్య కుండకు మూత

అనగనగా చుట్టూ కొండలు, నడుమ గిన్నెలాంటి ఒక అడవి. అందులో బొద్దయ్య అనే ఎలుగుబంటి పూటకూళ్ల ఇల్లు నడిపేవాడు. అతని తేనె పాయసం అంటే అడవంతా లొట్టలేసేది.

బొద్దయ్యకు ఒకటే గొప్ప. తెల్లారేసరికి మూడు పొయ్యిలూ భగభగ మండాలి. తినేవాళ్లు వచ్చినా సరే, రాకపోయినా సరే! కుండ మీద మూత మాత్రం పెట్టడు.

"మూత పెడితే ఘుమఘుమ కొండదాకా ఎలా వెళ్తుందోయ్?" అనేవాడు.

ఏటికేడు ఎండలు ముదిరాయి. ఒకనాడు తేనెటీగల రాణి రుసరుసలాడుతూ వచ్చింది.

"బొద్దయ్య మామా! వేడికి మా తేనెపట్టు మైనం కారిపోతోంది. పిల్లలు అల్లాడుతున్నారు. మూడు రోజులు చూస్తాం. ఆ తర్వాత కొండ దాటి పోతాం."

బొద్దయ్య పాయసం కుండ వంక చూశాడు. తేనె లేకపోతే పాయసం ఎక్కడిది?

మొదటి రోజు కోతుల చేత తాటాకు విసనకర్రలతో పట్టుకు విసిరించాడు. వేడిగాలే తగిలింది. కోతులకు చేతులు నొప్పెట్టాయి, అంతే. రెండో రోజు తడి చాప కట్టాడు. మధ్యాహ్నానికి అది అప్పడంలా ఎండిపోయింది.

మూడో రోజు పొద్దున్నే తాబేలు డిప్పమ్మ భోజనానికి వచ్చింది. పొగ వంక చూసింది. కుండ వంక చూసింది. కిసుక్కున నవ్వింది.

"నా కొంప మునుగుతుంటే నవ్వుతావేం అత్తా?"

"నవ్వక ఏం చెయ్యనురా! కుండకు పెట్టాల్సిన మూత తీసుకెళ్లి అడవికి పెట్టావు."

"నేనా?"

"నువ్వే. కట్టె కాలితే పొగ వస్తుంది, అది కనబడుతుంది. దాంతోపాటు కనబడని గాలి కూడా వస్తుంది. అది పైన దుప్పటిలా కప్పుకుని కింది వేడిని పోనివ్వదు. మూత సంగతి నాకు తెలీదా? పుట్టినప్పటి నుంచీ మోస్తున్నాను!"

"పొయ్యిలు ఆర్పితే నా ఇల్లు మూతపడిందనుకుంటారే!"

"వంట మానమన్నానా? మంట తగ్గించమన్నాను."

బొద్దయ్య పొయ్యిల వైపు చూశాడు. పట్టు వైపు చూశాడు. అక్కడ తేనెటీగలు అప్పుడే రెక్కలు సవరించుకుంటున్నాయి.

రెండు పొయ్యిల మీద నీళ్లు కుమ్మరించాడు. చుయ్! మిగిలిన కుండకు మూత పెట్టాడు. పప్పు ముందుగా నానేశాడు, సగం కట్టెలకే ఉడికింది. బాటసారుల స్నానాల నీళ్లు పొయ్యికి బదులు నల్లరాతి మీద ఎండకు పెట్టాడు. అది చూసి నక్కలూ కుందేళ్లూ కూడా తమ కుండలకు మూతలు వెతుక్కున్నాయి.

సాయంత్రం రాణి ఎగరబోతూ ఆగింది.

"మూడు పొగలుండాలే, ఇవాళ ఒకటే ఉందేం మామా?"

"ఇక ఒకటే తల్లీ."

"డిప్పమ్మ మాటలు నేనూ విన్నాను. ఒక్కరోజులో ఆ దుప్పటి ఊడదు. వానల దాకా చూస్తాం. మళ్లీ మూడు కనబడ్డాయో..."

"కనబడితే నా ముక్కు మీదే కుట్టండి!"

బొద్దయ్య మాట తప్పలేదు. అడవి మెల్లమెల్లగా చల్లబడింది. పట్టు నిలిచింది. వానలు వెలిశాక పాయసం వండి, మూత ఎత్తాడు. పొద్దుటి నుంచీ దాగిన ఘుమఘుమ ఒక్కసారిగా గుప్పుమంది. అడవంతా పరుగెత్తుకొచ్చింది.

"ఇన్నాళ్లూ దీన్నంతా గాలికి పారబోశానన్నమాట!" అని బొద్దయ్య నోరెళ్లబెట్టాడు.

డిప్పమ్మ తన గిన్నె ముందుకు తోసింది. "ఆ నోటికీ మూత పెట్టి, మొదటి గరిటె ఇటు వెయ్యి!"

నీతి: కావలసినంతే మంట వాడితే వంట చెడదు, మనం ఉండే చోటూ చల్లగా ఉంటుంది.