రెండు జట్ల డ్రిల్లు మాస్టారు

గుమ్మిగెడ్డ అనే వాగు దాటితే కొండ దిగువన జంతువుల బడి ఒకటుంది. దానికి పైకప్పు లేదు, విడిగా గంటా లేదు. హెడ్మాస్టారు బసవయ్య అనే ఎద్దు. ఆయన మెడలో గంటే బడిగంట. మెల్లగా తలూపితే బడి పెట్టినట్టు, గట్టిగా ఊపితే వదిలేసినట్టు. చాలా ఓపికమంతుడు. తొందరపడడు, ఎవర్నీ తొందరపెట్టడు. ఎవరేం ఫిర్యాదు చేసినా "చూద్దాం" అంటాడు. కాకపోతే చూడడు, అదీ చిక్కు.

ఆ బడిలో ఆటలు నేర్పేది నక్క. మెడలో ఈల, నెత్తిన టోపీ, నోటినిండా తేనెలాంటి మాటలు. అందరూ డ్రిల్లు మాస్టారు అనేవాళ్ళు. బడి చెడుగుడు జట్టులో ఎవరుండాలో తేల్చేది అతగాడే. సాయంత్రం బడి వదిలాక అదే గెడ్డ ఒడ్డున, అదే ఈలతో, సొంతంగా ఓ చెడుగుడు క్లబ్బు నడిపేదీ అతగాడే. క్లబ్బులో చేరాలంటే వారం వారం బుట్టెడు పీతలు తెచ్చివ్వాలి. నక్కకి పీతలంటే ఎంత ప్రాణమో అడవిలో ఎవర్నడిగినా చెప్తారు.

పొద్దున బడిలో పిల్లలు, "మాస్టారూ, కూతకెళ్ళినప్పుడు కాలు దొరికిపోతే ఎలా విడిపించుకోవాలండీ?" అని అడిగితే, "అది సాయంత్రం పాఠంరా" అనేవాడు. మరి పొద్దున పాఠం ఏంటయ్యా అంటే బరిలో గడ్డి పీకడం. అలా పీకగా పీకగా ఆ బరి నున్నగా తయారైంది గాని, పిల్లలకి ఆట రాలేదు.

ఆ బడిలోనే చదువుతోంది నూకాలు అనే ఉడుము పిల్ల. పేరుకి పిల్లే గాని, పట్టిందంటే వదిలే రకం కాదు. ఉడుంపట్టు అని ఊరికే అన్నారా పెద్దలు? దానికి ఒకటే కోరిక, బడి జట్టులో ఆడాలని. మూడేళ్ళు వరసగా ఎంపికకి నిలబడింది. మూడేళ్ళూ క్లబ్బులో ఉన్న ఏడుగురికే పిలుపొచ్చింది. ఈ ఏడు గడిస్తే బడి అయిపోతుంది, ఇక ఆ బరిలో అడుగుపెట్టే రాతే లేదు.

ఓ రోజు ఉండబట్టలేక మాస్టారినే అడిగేసింది.

"నాలో ఏం తక్కువండీ?"

"నీ పట్టుకేం తల్లీ, బంగారం. సాయంత్రం ఒక్కటే తక్కువ."

నూకాలు ఇంటికెళ్ళి తల్లి పైడమ్మకి ఆ మాట చెప్పింది. పైడమ్మ నిట్టూర్చింది. "బుట్టెడు పీతలంటే మన ఇంట్లో వారం రోజుల కూడే. అతగాడికి పోసేస్తే మనమేటి తింటాం? ఎద్దు మాస్టారికి చెప్పుకో."

చెప్పుకుంది. "చూద్దాం అమ్మా" అన్నాడు బసవయ్య, నెమరు వేస్తూ.

నూకాలు మాత్రం ఊరుకుందా? క్లబ్బు ఆడే చోటికి దగ్గర్లో ఓ చీమలపుట్ట ఉంది. సాయంత్రం ఎండ ఇంకా వాలకముందే దాని మీదెక్కి పడుకునేది. ఉడుము ఎండ కాచుకుంటుంటే ఎవరు పట్టించుకుంటారు? కదలదు, మెదలదు, కళ్ళు మాత్రం సగం తెరిచి ఉంటాయి. ఏ కాలు ముందుకెయ్యాలి, ఎప్పుడు మీద పడాలి, కుందేలు ఎటు దూకినట్టు నటించి ఎటు దూకుతుంది, అన్నీ చూసి మనసులో పెట్టుకుంది. పీత ఖర్చు లేకుండా చదువు అబ్బింది.

అంతలో కొండ తీర్థం, అదే కొండ జాతర, దగ్గరపడింది. తీర్థంలో ఏటా ఒకటే చెడుగుడు పోటీ. బడి జట్టు ఒకవైపు, సై అని ముందుకొచ్చిన జట్టు ఇంకోవైపు. ఈసారి సై అన్నది నక్కగారి క్లబ్బే.

తీర్థం వారం ఉందనగా మాస్టారు బడి జట్టు పేర్లు చదివాడు. తాబేలు, పంది, బాతు, ఇంకా ఎప్పుడూ పిలుపురాని ముగ్గురు, చివరికి నూకాలు. తన పేరు వినగానే నూకాలు ఎగిరి గంతేసింది. ఇంటిదాకా ఒక్క పరుగు.

"అమ్మా, జట్టులో వేశారే నన్ను."

"పీతలు ఇవ్వకుండానేనా?"

"ఇవ్వకుండానే."

పైడమ్మ మొహం మాత్రం విప్పారలేదు. "నక్క పెద్ద దండం పెట్టిందంటే కోడి తలుపేసుకోవాలే. ఏటో ఉంది ఇందులో."

ఉన్నదేంటో ఆ సాయంత్రమే పుట్ట మీద తెలిసింది. క్లబ్బు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని నక్క చెప్తున్నాడు. "ఈ ఏడు మీరంతా క్లబ్బు తరఫున ఆడతారు. బడి జట్టు నేనే ఎంచాను కదా, ఏరిపారేసిన తాలంతా అందులో పోశాను. వాళ్ళకి కూతే సరిగ్గా రాదు. ఆటలో వాళ్ళు చిత్తయితే, బడిలో ఆట రాదు, క్లబ్బులోనే వస్తుందని ప్రతి తల్లీ బుట్ట పట్టుకుని నా గుమ్మం ముందుకొస్తుంది."

"మరి తీర్థం ఆచారం మాటేంటండీ మాస్టారూ?" అంది కుందేలు.

"అదే కదరా అసలు పండగ. గెలిచిన గురువుకి తట్టెడు పీతలు. ఓడిన గురువు అతన్ని వీపు మీద ఎక్కించుకుని బరి చుట్టూ మూడుసార్లు తిప్పాలి. బడి తరఫున గురువుగా బసవయ్యని నిలబెడతాను. ఆయన వీపు ఎప్పుడైనా చూశారా? పరుపురా, పరుపు."

పుట్ట మీద నూకాలుకి ఏడుపొచ్చింది. మూడేళ్ళు కాచుకున్న చోటు దొరికింది అనుకుంటే, అది ఓడటానికి వేసిన చోటా? కాసేపు కళ్ళు తుడుచుకుంది. తరవాత ఒళ్ళు మండింది. ఆ మంటతోనే లేచి తాబేలు ఇంటికెళ్ళింది.

విషయం విని తాబేలు తల లోపలికి పెట్టేసుకుంది. "అయితే మనం ఆడకుండా మానేద్దాం. నవ్వులపాలెందుకు?"

"మానేస్తే అతను చెప్పిందే నిజమవుతుంది. నాకు వచ్చింది నేను చెప్తాను, మీరు నేర్చుకోండి."

"నీకెవరు నేర్పారు?"

"మాస్టారే. ఆయనకి తెలీదంతే."

తాబేలు తల మళ్ళీ బయటికొచ్చింది. ఆ వారమంతా గెడ్డ ఇసకలో ఏడుగురూ పడ్డారు, లేచారు. పందికి మీద పడటం ఎప్పుడో చెప్పింది నూకాలు. బాతుకి ఊపిరి ఎక్కడ దాచుకోవాలో చెప్పింది. తాబేలుకి కదలొద్దనే చెప్పింది. "నువ్వు దారిలో అడ్డంగా ఉంటే చాలు. నిన్ను దాటడానికి వాడు తటపటాయిస్తాడు, అప్పుడు నేను పట్టేస్తాను." బతుకులో మొదటిసారి తన నెమ్మదితనం పనికొస్తోందని తాబేలు పొంగిపోయింది.

తీర్థం రోజు వచ్చింది. బరి చుట్టూ అడవంతా చేరింది. జట్ల పేర్లు రాసేది కాకి కరణం. టేకాకు మీద ముక్కుతో గీసి రాస్తాడు. ఒకసారి గీశాక చెరపడం అన్నది ఆ వంశంలోనే లేదు.

"క్లబ్బు జట్టుకి గురువెవరు?"

"నేనే" అన్నాడు నక్క.

"బడి జట్టుకి?"

"ఇంకెవరు, మన హెడ్మాస్టా..."

నూకాలు అమాయకంగా మధ్యలో దూరింది. "అంతేలెండి. కరణంగారూ, పొరపాట్న మేం గెలిస్తే ఆ తట్ట హెడ్మాస్టారికేనాండీ?"

"గెలిచిన గురువుకే. ఆచారం."

"అయ్యో పాపం, ఆయన పీతలు ముట్టరు కదా. గడ్డి మేసే మనిషాయె. ఇంత బలిసిన పీతల్ని తీసుకెళ్ళి గెడ్డలో పారబోస్తారు కాబోలు."

నక్క తట్టవైపు చూశాడు. పీతలు ఒకదాని మీదొకటి ఎక్కుతూ కాళ్ళాడిస్తున్నాయి. నోట్లో నీళ్ళూరాయి. బడి ఎలాగూ గెలవదు. ఒకవేళ కర్మ కాలి గెలిస్తే? ఈ తట్ట గెడ్డ పాలా? ఎటు గెలిచినా తట్ట నాదవ్వాలంటే అడ్డేముంది? ఆశకి అంతుండదు కదా, మిగతాదేదీ గుర్తు రాలేదు.

"రాయవయ్యా కరణం, దానికీ నేనే."

"రెండింటికీనా?"

"రెండింటికీ. మూడేళ్ళుగా బడి పిల్లలకి నేర్పుతున్నదెవరనుకున్నావు?"

కాకి గీసేశాడు. గీసి, "అయితే నడిగీత దగ్గర నిలబడండి మాస్టారూ. గురువు తన జట్టు పక్కనే ఉండాలి. మీకు రెండు జట్లాయె" అన్నాడు.

ఆట మొదలైంది. కాసేపటికే నక్కకి చెమటలు పట్టాయి. క్లబ్బు కుందేలు కూతకి బయల్దేరగానే, "ఎడమకి దూకినట్టు దూకి కుడికెళ్ళరా" అని అరిచాడు.

"విన్నామండీ మాస్టారూ" అంది పంది బడివైపు నుంచి. అని కుడివైపున కాచుకుంది. కుందేలు దొరికిపోయింది.

"మా గుట్టు వాళ్ళకి చెప్తారేంటండీ?" అని క్లబ్బు పిల్లలు మూతులు ముడిచారు.

సరే, ఈసారి మెల్లగా చెప్దామని క్లబ్బువైపు వంగి గుసగుసలాడాడు. వెంటనే బాతు మెడ చాచింది. "మాకూ చెప్పండి మాస్టారూ. మేమూ మీ జట్టేగా." బరి చుట్టూ ఉన్న తల్లులంతా నక్క మొహం వంకే చూస్తున్నారు. ఏమీ చెప్పకపోతే బాగోదు. చెప్తే కొంప మునుగుతుంది. "ఆ... జాగ్రత్తగా ఆడండి" అన్నాడు.

"వారం వారం పీతలు పోసింది ఈ ముక్క కోసమా?" అంది ఓ తల్లి, కుందేలు తల్లే.

ఆఖరికి రెండు జట్లూ సమానంగా నిలిచాయి. చివరి కూత కుందేలుదే. ఈసారి నక్క నోరు మెదపలేదు, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. కుందేలు చెడుగుడు చెడుగుడు అంటూ దూసుకొచ్చి పందిని తాకి వెనక్కి తిరిగింది. దారిలో తాబేలు కదలకుండా కూర్చుంది. పైనుంచి దూకనా, పక్కనుంచి పోనా అని కుందేలు ఒక్క క్షణం ఆగింది. అంతే, వెనక కాలు నూకాలు చేతిలో ఉంది. కుందేలు తన్నింది, గింజుకుంది, నూకాలుని బరంతా ఈడ్చింది. పట్టు సడల్లేదు. గీతకి జానెడు ఇవతల కూత ఆగిపోయింది.

బడి గెలిచింది. గోల చూడాలి. పైడమ్మ బరిలోకొచ్చి కూతురి మూతికంటిన ఇసక తుడుస్తూ ఏడుస్తూ నవ్వింది.

కాకి కరణం గొంతు సవరించుకుని టేకాకు చదివాడు. "గెలిచిన జట్టు గురువు, నక్క మాస్టారు. ఓడిన జట్టు గురువు, నక్క మాస్టారు. ఆచారం ప్రకారం నక్క మాస్టార్ని నక్క మాస్టారు వీపు మీద ఎక్కించుకుని మూడుసార్లు తిప్పాలి. కానీయండి."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అడవి అడవంతా పొట్ట పట్టుకుంది. నక్క నాలుగడుగులు గుండ్రంగా నడిచి చూశాడు. "ఎక్కినట్టా, మోసినట్టా?" అంది బాతు. వీపు మీదికి తన వెనక కాలే ఎత్తబోయి దబ్బున పడ్డాడు. టోపీ ఎగిరిపోయింది.

బసవయ్య నెమరు ఆపేసి ముందుకొచ్చాడు. ఆయన నెమరు ఆపడం ఆ అడవిలో ఎవరూ ఎరగరు. "ఆచారం తప్పకూడదు మాస్టారూ. ఒక్క జట్టు ఎంచుకోండి. ఇప్పుడే, అందరి ముందూ."

నక్క బుర్ర గిర్రున తిరిగింది. బడి అంటే ఈ ఒక్క తట్ట. క్లబ్బు అంటే ఏళ్ళ తరబడి బుట్టలు. బడిని వదిలేస్తే దానికి గురువే ఉండడు. గురువు లేకపోతే ఇక మోసేదెవర్ని? తన తెలివికి తనే మురిసిపోయి లేచి దులుపుకున్నాడు.

"నేను క్లబ్బు గురువునే. నిజం చెప్పాలంటే ఈ బడి పిల్లలకి నేను ఒక్క ముక్క నేర్పలేదు."

తల్లులు భగ్గుమన్నారు. వాళ్ళలో ముళ్ళపంది అయితే ముళ్ళు లేపుకుని నిలబడింది. బసవయ్య తల వంచుకున్నాడు. "మూడేళ్ళు ఈ పిల్ల మొరపెట్టుకుంటే చూద్దాం అన్నాను, చూడలేదు. తప్పు నాది. మరి మీకు ఆట నేర్పిందెవరర్రా?"

"నూకాలు" అన్నారు ఆరుగురూ ఒక్క గొంతుతో.

"అయితే గెలిచిన గురువు నూకాలు" అన్నాడు కాకి, కొత్త టేకాకు తీసి. "పీతల తట్ట దానిదే. మాస్టారూ, వంగండి."

వంగక ఏం చేస్తాడు? నూకాలు ఎక్కింది. నక్క మెడ చుట్టూ చేతులు బిగించింది, ఆ పట్టు మీకు తెలిసిందే. మొదటి చుట్టులో నక్క సగం దారిలో దించేద్దామని చూశాడు, ఊడి వస్తేగా. రెండో చుట్టుకి నాలుక బయటికొచ్చింది. మూడో చుట్టుకి క్లబ్బు పిల్లలు కూడా వెనక పరుగెత్తుతూ, "నూకాలక్కా, మాకూ నేర్పవా?" అని అడుగుతున్నారు.

"రేపు పొద్దున బడికి రండి, నేర్పుతాను" అంది నూకాలు పైనుంచి.

కాబట్టి పిల్లలూ, రెండు జట్లకీ నేనే గురువునన్నవాడికి గెలుపు దక్కదు, మోతే దక్కుతుంది.