నిద్ర నటించిన తండ్రి

"పిల్ల చదువుతోందో, అప్పజెబుతోందో ఎలా తెలుసుకోవడం స్వామీ?" అని పేర్రాజు మా యోగిగారిని అడిగాడు. అయిదేళ్ల కూతురు ఇందుమతిని పక్కన కూర్చోబెట్టుకునే అడిగాడు. అదీ అతని వరస.

పేర్రాజు తూనికల ఇన్‌స్పెక్టరు. పగలంతా కొట్లలో తూకపురాళ్ళు తిప్పి, అడుగున తవ్వారేమోనని గీకి చూసి, ఇంటికొచ్చి పిల్ల వాచకం తెరుస్తాడు. పిల్ల గడగడా చదివితే తల్లి కంఠతా పట్టించిందని అనుమానం. తడబడితే నిన్న చదివిందంతా నాటకమని అనుమానం. బొమ్మల మీద చెయ్యి కప్పుతాడు, పేజీని కిందినుంచి పైకి చదవమంటాడు, భార్య వంటింట్లోంచి అందిస్తోందేమోనని ఓ చెవి అటు వేస్తాడు. అనుమానం పెనుభూతమంటారు, ఆ భూతానికి ఈయన పూటపూటా ముద్దలు కలిపి పెడుతున్నాడు. ఇప్పుడేమో, అందించే నోరు ఉండదు కాబట్టి పిల్లను పట్నంలో హాస్టల్లో వేసేస్తానన్నాడు. ఆ మాట విని ఇందుమతి గౌను అంచు నోట్లో పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది.

యోగిగారు ఎవరితోనూ వాదించరు. పేర్రాజును పక్కకు పిలిచి, పెరటి అరుగు మీద ముఖాన తువాలు కప్పుకుని నిద్రపోతున్నట్టు పడుకోమన్నారు. ఏం వినబడినా లేవొద్దన్నారు. అతను ఆయన్ని కూడా అనుమానంగానే చూసి, వెళ్ళి పడుకున్నాడు.

మేం పెరట్లో మడి కడుతున్నాం. యోగిగారు విత్తనాల ప్యాకెట్టొకటి పిల్లకిచ్చి, కళ్ళజోడు లోపల మరిచిపోయాననీ, అవేం గింజలో కాస్త చూసి పెట్టమనీ అడిగారు. కళ్ళజోడు ఆయన బొడ్లోనే దోపుకుని ఉంది.

పిల్ల మొదట అరుగు వైపు చూసింది. తండ్రి నిద్రపోతున్నాడని నమ్మకం కుదిరాక అక్షరాల మీద వేలు పెట్టింది. "పంది" అని చదివి కిలకిలా నవ్వింది. పందులు మొలిస్తే మన గతేమిటని యోగిగారూ నవ్వారు. తువాలు కప్పుకున్న పేర్రాజు కాలివేళ్ళు బిగుసుకున్నాయి. పిల్ల వేలు వెనక్కి జరుపుకుని, తనంతట తనే దిద్దుకుని, "పందిరి చిక్కుడు" అంది. ఆ ప్యాకెట్టు అదివరకు ఆ పిల్ల చూసింది కాదు, అందించే తల్లి ఆ చుట్టుపక్కల లేదు. అదే ఊపులో, గింజలకు తడి తగలనివ్వరాదని కింద రాసింది కూడా కూడబలుక్కుని చదివి, పక్కనున్న నీళ్ళచెంబు తీసి దూరంగా పెట్టొచ్చింది.

ఇక పేర్రాజు ఉండబట్టలేక తువాలు విసిరేసి లేచాడు. సంతోషంతోనే లేచాడు, అబద్ధమెందుకు. కానీ అలవాటు ఊరుకుంటుందా? పిల్ల ఎదుట గొంతుక్కూర్చుని, ప్యాకెట్టు మీది బొమ్మను బొటనవేలితో మూసి, "ఏదీ, మళ్ళీ చదువు" అన్నాడు.

ఇందుమతి అక్షరాల వంక చూడనే లేదు. తండ్రి కనుబొమల వంక చూసింది.

"నాకు చదవడం రాదు నాన్నా" అని ప్యాకెట్టు యోగిగారి చేతిలో పెట్టేసింది.

పేర్రాజు ముఖం పాలిపోయింది. కూతురు అబద్ధమాడిందని అతనికి తెలుసు. ఎందుకాడిందో కూడా అప్పుడే తెలిసినట్టుంది, కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. అంతదాకా ఉన్న కోపం పోయి నాకు జాలేసింది. పిల్లను హాస్టల్‌కి పంపనా, ఇంటికే తీసుకెళ్ళనా అని గొణిగాడు.

యోగిగారు తలెత్తకుండా మడిలో గింజలు నాటుతూ అన్నారు: "ఇంటికే తీసుకెళ్ళు నాయనా. పిల్లతోపాటు ఇందాక అరుగు మీద పడుకున్నాడే, వాణ్ణి కూడా తీసుకెళ్ళు. లేచి వచ్చినవాణ్ణి మాత్రం ఇక్కడే వదిలెయ్యి."